ఖాళీ పెట్టె బరువు

పోయిన నెల లైబ్రరీ నుంచి ఫోను వచ్చింది. కోయంబత్తూరులో ఆ పెద్ద లైబ్రరీలో నేను ఊడ్చేదానిగా చేరి, పుస్తకాలు తీసిచ్చే అటెండరుగా బయటికొచ్చినాను. వచ్చి ఎన్నో ఏళ్ళయింది, నన్నెవరూ తలచుకోరనే అనుకున్నాను. "పాట్టీ, పాత కాయితాల పెట్టెలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తా ఉండాము. ఒక పెట్టె వెనకాల ఒక చెక్క దొరికింది. దాని మీద మీ పేరుండాది. ఒకసారి వస్తారా?" అని ఒక అమ్మాయి తమిళంలో అడిగింది. పాట్టీ అంటే అవ్వ. పీలమేడులో బస్సెక్కి పోయినాను. మేడ మీద రెఫరెన్సు హాలు అదే హాలు, కానీ వాసన పోయింది. పాత కాయితం, ఎండు వేపాకు, మా సార్ పీల్చే ముక్కుపొడి, ఈ మూడూ కలిసిన వాసన ఉండేది. ఇప్పుడు ఏసీ చలి ఒక్కటే. ఆ అమ్మాయి పేరు నిర్మల. జానెడు పొడుగు టేకు చెక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. "పుస్తకం తీస్తే దాని చోట్లో చెక్క పెట్టాల, తిరిగొస్తే చెక్క తీసెయ్యాల, అదే కదా రూలు? ఎవరో తీసేది మరిచిపోయినారు పాట్టీ. పెట్టె దాని చోట్లోనే ఉండాది, చెక్కా ఉండాది" అని నవ్వింది. చెక్కకు అంటించిన చీటీ టీ రంగుకు తిరిగింది. దాని మీద పైన రెండక్షరాలు, కింద నా పేరు. రెండూ నా చేతి రాతే. పుట్టి బుద్ధెరిగినాక నేను రాసిన మొట్టమొదటి చీటీ అది. అక్కడున్న బెంచీ మీద కూలబడినాను. మరిచిపోయినారంట. మరిచిపోయి కాదు. ఎందుకు తీయలేదో చెప్పాలంటే మా అమ్మ నోటి దగ్గర నుంచి మొదలుపెట్టాల.

మా అమ్మ రోజూ సందెవేళ గడప మీద నిలబడి మమ్మల్ని పిలిచేది. మిల్లు సంగు ఊదుతుంది చూడండి, మీరు సైరన్ అంటారు, మేము సంగు అంటాము, అది ఊది ఆగిన వెంటనే. ఆ మోత ఆగినాక ఒక నిమిషం మా మిల్లు మనుషుల ఇళ్ళ లైన్లన్నీ చెవుడొచ్చినట్టు ఉండేవి. ఆ నిమిషంలో అమ్మ నోరు తెరిచేది. మేము ముగ్గురం, నేను, ఇద్దరు తమ్ముళ్ళు. కానీ మొదటి పిలుపులో మాట వచ్చేది కాదు. పెదాలు ఒకసారి తాకి విడిపోయేవి. ఒక పేరు పట్టేంత సేపు నోరు అట్లే తెరుచుకొని ఉండేది. ఆ తర్వాతే "పెంటా!" అని నన్ను, నా తర్వాత తమ్ముళ్ళను. చిన్నప్పుడు నాకది వింతగా తోచలేదు. అందరి అమ్మలూ ముందు చప్పుడు లేకుండా ఒకర్ని పిలిచి, తర్వాతే పిల్లల్ని పిలుస్తారనుకున్నాను. పక్కింట్లో అట్లా లేదని తెలిసేటప్పటికి నాకు ఏడెనిమిదేళ్ళుంటాయి. తెలిసినాక ఆ నిమిషం వస్తే నా వీపు జిల్లుమనేది. అమ్మ చూపు మా మీద ఉండేది కాదు, మా వెనక కొంచెం ఎడంగా, మోకాలెత్తులో ఉండేది.

ఒక్క గది ఇల్లు మాది. నాయన మిల్లులో దూది విదిలించే బ్లో రూములో, అమ్మ నూలును చిలపలుగా చుట్టే రీలింగులో. ఇద్దరి తలల్లోంచీ పంజు రాలి పడేది, దూది మాట మా నోట ఎప్పుడో పోయి పంజు మిగిలింది. కొల్లు చారులో, అదే ఉలవచారులో పంజు, పడకలో పంజు, పొయ్యి దగ్గర పంజుకు నిప్పంటుకొని చిన్నగా చిటపటమనే వాసన. అమ్మ సంకటి ముద్దలు చేసేటప్పుడు మొదటి ముద్ద పక్కన పెట్టి, అందరం తిన్నాక, "పెద్దది తినిందా?" అని అడిగేది. ఇంట్లో పెద్దదాన్ని నేనే, "తింటిని కదమ్మా" అనేదాన్ని. అమ్మ ఆ పక్క ముద్దను తీసి వాకిట్లో కాకికి వేసేది. నాయన ఒక్కసారి చెప్పినాడు. నాకు ముందు ఒక ఆడబిడ్డ పుట్టిందంట, నడక వచ్చి వాకిలి దాటే ఈడులో జ్వరం తగిలి పోయిందంట. పేరు మటుకు ఆయనా చెప్పలేదు. పోయినవాళ్ళను పేరుతో పిలిస్తే గడప దాకా వచ్చి నిలబడతారని, లోపలికి రమ్మనకపోతే కదలరని మావాళ్ళ నమ్మకం. సందెవేళ ఎత్తరాదని మొదలుపెట్టి, పగలూ ఎత్తడం మానేసినారు.

నా పేరు సంగతీ అందులోదే. ముందు బిడ్డ పోతే తర్వాత పుట్టినదాన్ని పెంటకుప్ప మీద దొర్లించి, చేటలో పెట్టి పక్కింటికి ఇచ్చేసి, చేరెడు తవుడు పోసి తిరిగి తెచ్చుకుంటారు. ఇది చెత్త, దీన్ని ముట్టుకోవద్దు అని చావును నమ్మించేదానికి. అందుకే పెంటమ్మ. తమిళోళ్ళకూ ఉంది ఆ ఆచారం, వాళ్ళు కుప్పమ్మ అంటారు. లైబ్రరీలో చేరిన రోజు రిజిస్టరు రాసినాయన తెలుగు పేరుకు నోరు తిరగక నన్ను కుప్పమ్మ చేసేసినాడు. ఇంట్లో పెంట, బయట కుప్ప, ఎటు పోయినా చెత్తే. నాకేం కోపం లేదు. కానీ ఒకరు లేచిన చోట్లో నన్ను కూర్చోబెట్టినారని చిన్నప్పటి నుంచి లోపల ఒక ఇది ఉండేది. పీట మీద కూర్చుంటే పీట ముందే వెచ్చగా ఉన్నట్టుండేది.

ఆ పేరు ఒక్కరికి చెప్పింది అమ్మ. మా లైన్లలో ఒక వాద్యారు, అంటే బడిపంతులు, ఉండేవాడు, మనవాడే. బడిలో చదివింది తమిళం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. మనం ఎప్పుడో తెలుగు సీమ నుంచి వచ్చినాము, ఇంటిపేర్లు కూడా పోతే ఇంక మనమెవరమని ఆయనకు ఒక పిచ్చి. ఆదివారాలు గడప గడపకూ పోయి, ఒక్కో ఇంటిపేరుకు ఒక్కో నోటుబుక్కు పెట్టి, ఎవరికెవరు పుట్టినారు, ఎవరు పోయినారు రాసుకునేవాడు. మాట తెలుగే, ఆయనకు వచ్చిన అక్షరాలు తమిళం, కాబట్టి తెలుగును తమిళ అక్షరాల్లో రాసినాడు. మా ఇంటికి వచ్చిన రోజు నాకు గుర్తుంది. నాయన అన్ని పేర్లూ గట్టిగా చెప్పినాడు. ఒక పేరు దగ్గర ఆగితే, అమ్మ లేచి వచ్చి, ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టి గుసగుసగా చెప్పింది. వాద్యారు రాసుకొని పుస్తకం మూసినాడు. ఆయన పోయినాక ఆ నోటుబుక్కులన్నీ ఇంటివాళ్ళు లైబ్రరీకి ఇచ్చేసినారని విన్నాము. అప్పుడు మాకు లైబ్రరీ అంటే ఏమో తెలియదు. ఆస్పత్రి లాంటిదనుకున్నాము.

నేను అక్కడ చేరేటప్పటికి నాకు ఇరవై దాటింది, ఒక్క అక్షరం రాదు. రెఫరెన్సు హాలుకు పెద్దాయన తంగవేలు సార్. ముంజేతులకు నూలు తొడుగులు, ముక్కులో పొడి, చేతిలో సన్న వెదురు బెత్తం. బెత్తం కొట్టేదానికి కాదు, పుస్తకాల వీపులు తట్టి లెక్కపెట్టేదానికి. "ఇక్కడి పుస్తకం ఏదీ ఈ గోడలు దాటి పోదు. చదివేవాళ్ళే ఇక్కడికి రావాల. అందుకే ఒక్కోటి ఎక్కడుంటుందో నిద్రలో అడిగినా చెప్పాల" అనేవాడు. నిఘంటువులు, అట్లాసులు, జిల్లా చరిత్రలు బల్లల చుట్టూ చేతికందే చోట. వాటి వీపు మీద ఎర్ర చుక్క. వెనక ఇనుప తలుపు దాటితే లోపలి గది, అక్కడికి చదివేవాళ్ళను రానియ్యరు. అక్కడ విషయం ప్రకారం నెంబర్లు వేసిన పుస్తకాలు, కింది అరల్లో పడుకోబెట్టిన పాత పేపర్ల కట్టలు, చిట్టచివర ఊరి కాయితాల పెట్టెలు. ఈ పెట్టెలకు నెంబర్లు లేవు, పేర్లే, అవీ తమిళ అక్షరాల వరసలో. ఏం కావాలన్నా చీటీ రాయాల. చీటీ మూడు కాపీలు, ఒకటి మేజా మీద, ఒకటి చదివేవాళ్ళ చేతిలో, ఒకటి చెక్కకు. తీసిన పుస్తకం చోట్లో చెక్క నిలబడాల. "చోటు మూసుకుపోకూడదు. పక్క పుస్తకాలు ఒరిగి ఆ సందు పూడితే, వచ్చిన పుస్తకానికి చోటుండదు. చోటు తప్పింది అంటే చచ్చిందే" అని సార్ చెప్తావుంటే, నేను ఆ చెక్కనే చూస్తా నిలబడినాను. పుస్తకం కాదు, పుస్తకం చోట్లో నిలబడింది. నాకు దాన్ని ఎక్కడో చూసినట్టుండింది.

నాకు పని నేర్పింది మరియక్క. మా పక్క లైన్లలోనే పుట్టిన తెలుగామె, చర్చి పుస్తకం చదివేంత తమిళం మటుకు వచ్చు. "అక్షరాలు రాకపోతే ఏం పుళ్ళా, నెంబర్లను బొమ్మల మాదిరి చూడు. ఇది కొంగ, ఇది కుర్చీ, ఇది రెండు ఇడ్లీలు" అని నేర్పించింది. రెండు ఇడ్లీలంటే ఎనిమిది. అన్నింటికీ నవ్వే మనిషి, లోపలి గది చివరికి పోతే మటుకు నవ్వేది కాదు. ఊరి కాయితాల పెట్టెల్లో పై అరలో ఒక పెట్టె ఉండేది, నాడాతో కట్టి. దాన్ని చేత్తో ముట్టేది కాదు. పొడుగు కర్రకు గుడ్డ కట్టి దూరం నుంచి దుమ్ము దులిపేది. "ఎందుకక్కా?" అంటే, "సార్ లెక్కలో అది ఖాళీ పెట్టె. నేను దించి చూసినాను. ఖాళీ కాదు. దాని మీద ఏం రాసుండాదో చదివినాను. నువ్వు అడగొద్దు, నేను చెప్పను" అనింది. ఏటా ఒకసారి హాలు మూసి సరుకు సరిచూసేవాళ్ళు. సార్ లిస్టు పట్టుకొని పెట్టెల పేర్లు చదివేవాడు. ఆ పెట్టె వస్తే "ఖాళీ" అని టిక్కు పెట్టి ముందుకు పోయేవాడు. ఆయన చదివేవాడు కానీ ఎత్తేవాడు కాదు. ఎత్తేది మేము, మాకు చదువు లేదు. మరియక్క చదివింది కానీ, ఆ తర్వాత ముట్టుకోలేదు.

ఒకసారి గోడలకు సున్నం వేసేదానికి పై అరలన్నీ దించమన్నారు. మధ్యాన్నం, హాల్లో ఎవరూ లేరు. ఖాళీ పెట్టె కదా అని ఒంటి చేత్తో లాగినాను. అది నా మీదికి వాలింది. గబుక్కున రెండు చేతులూ కింద పెట్టి పట్టుకున్నాను. నిద్రపోయే బిడ్డను ఎత్తుకుంటే ఒళ్ళంతా వదిలేసి ఒక పక్కకు బరువు దిగుతుంది చూడండి, అట్లా దిగింది. లోపల ఏదో మెల్లగా జారి నా రొమ్ము వైపు సర్దుకుంది. ఎక్కడో దూరంగా మిల్లు సంగు ఊదింది. ఇనుప అరలన్నీ సన్నగా గుయ్యిమని, ఆగినాయి. ఆ ఆగిన నిమిషంలో, ఎందుకో తెలియదు, నేను వెనక్కి తిరిగి, కిందికి, మోకాలెత్తులో చూసినాను. ఎవరూ లేరు. పెట్టెను నేల మీద పెట్టి బయటికొచ్చి నీళ్ళు తాగినాను. నేను దయ్యాలకు భయపడే మనిషిని కాను. ఆ రోజు భయపడినాను, అంతే.

ఆ ఏడే అమ్మ పడకేసింది. నాయన అప్పటికి లేడు, బ్లో రూము పంజు ఆయన్ని తినేసింది. అమ్మ ఒళ్ళంతా వడిలిపోయినా కుడి చెయ్యి మటుకు ఆగలేదు. మంచం పక్కన గాలిలో రీలు తిప్పుతానే ఉండేది, చిలప నిండితే ఆగేది, తెంచేది, మళ్ళీ తిప్పేది. ఒకరోజు సందెవేళ సంగు ఆగినాక, పడుకున్న చోటే నోరు తెరిచింది. పెదాలు తాకి విడిపోయినాయి. ఆ తర్వాత రావాల్సిన "పెంటా" రాలేదు. నా వైపు తిరిగి, "దాని పేరేమే?" అనింది.

"ఎవరి పేరు?"

"పెద్దదాని పేరు. రోజూ లోపల్లోపల పిలిచేదాన్ని. ఇప్పుడు నోరు తెరిస్తే ఏమీ లేదు."

నాకు తెలియదని చెప్పినాను. తమ్ముళ్ళకు అసలే తెలియదు. ఆ రోజు నుంచి రోజూ అదే మాట. తిండి తగ్గిపోతా వచ్చింది. "నేను పోతే అది అక్కడ ఉంటాది కదా, దాన్ని ఏమని పిలిచేది? పిలవకపోతే అదెట్లా వస్తాది? నడక వచ్చిన బిడ్డ, ఎక్కడెక్కడ తిరుగుతా ఉండాదో" అని పిల్లిలా సన్నగా ఏడిచేది. ఒకరోజు తనే గుర్తు చేసుకుంది. "వాద్యారు రాసుకున్నాడు. నేను చెవిలో చెప్పితిని. ఆ పుస్తకం తేవే."

మర్నాడే తంగవేలు సార్ ముందు నిలబడినాను. ఆయనతో తమిళంలోనే మాట్లాడాల. మా ఇంటిపేరు గాలి. గాలి వారు అంటారు మమ్మల్ని, పెళ్ళిళ్ళలో తప్ప ఆ పేరు ఎవరూ ఎత్తరు. తమిళంలో ఖాళీ అనేదాన్ని ఒక్కొక్కరు ఒక్కో రకంగా, కాలి అనీ గాలి అనీ పలుకుతారు.

"సార్, వాద్యారు పెట్టెల్లో మాది కావాల."

"ఏ ఇల్లు?"

"గాలి, సార్."

"ఖాళీ? ఎవరిల్లు ఖాళీ?"

"మా ఇల్లు సార్. గాలి."

"ఇల్లు ఖాళీ చేసేసినారా? దానికి నన్నేం చెయ్యమంటావు?"

"ఖాళీ కాదు సార్, ఇంటిపేరే గాలి."

ఆయన పొడి పీల్చి, లిస్టు తీసి, బెత్తంతో వరసగా తట్టుకుంటా వచ్చి, ఒక చోట ఆగినాడు. "కాకి ఉంది, కావలి ఉంది. మధ్యలో ఒక ఖాళీ పెట్టె. కొత్తవి వస్తే పెట్టేదానికి ముందున్నాయన వదిలిపెట్టినట్టుండాడు. మీది లేదమ్మా" అన్నాడు. మంచి మనిషి, ఆ మాట మెల్లగానే చెప్పినాడు.

మెట్ల కింద కూర్చొని ఏడిచినాను. మరియక్క టీ తెచ్చి పక్కన కూర్చుంది. అంతా చెప్పినాను, ఇంటిపేరు తప్ప. "కాకి వారిది ఉండాదంట, కావలి వారిది ఉండాదంట, మధ్యలో మాది లేదంట" అంటే, ఆమె చేతిలో గ్లాసు ఆగింది. "ఆ రెంటి మధ్యలో ఉండేది ఆ పెట్టే కదే" అనింది. "సార్ ఖాళీ అనే పెట్టె. నేను ముట్టని పెట్టె."

"దాని మీద ఏం రాసుండాది? ఈరోజన్నా చెప్పక్కా."

మరియక్క శిలువ గుర్తు వేసుకొని, గొంతు తగ్గించి, "గాలి అని రాసుండాది" అనింది. "దాంట్లో గాలిని పట్టి కట్టినారే. పిల్లలకు సోకుతుంది చూడు, ఆ గాలిని."

నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియదు. "అక్కా, గాలి మా ఇంటిపేరు."

"మీ ఇంటి గాలా!" అని ఆమె గ్లాసు కింద పెట్టేసింది. "ఇన్నేళ్ళు మీ తాత ముత్తాతలకు భయపడి కర్ర పట్టుకుంటినా నేను!"

విషయం ఇంతే. తమిళంలో కకారానికీ గకారానికీ ఒకటే అక్షరం. రెండే రెండక్షరాలు. తమిళం సార్ చదివితే ఖాళీ. తెలుగు మరియక్క చదివితే గాలి, అంటే దయ్యం. మేము ముగ్గురమూ రోజూ దాని కిందే తిరిగినాము, అది ఒక ఇల్లని ఒక్కరికీ తోచలేదు. పరుగెత్తుకొని పోయి సార్‌కు చెప్పినాము. ఆయన చాలాసేపు లిస్టు చూసినాడు. ఏటా తనే పెట్టిన టిక్కులు వరసగా ఉన్నాయి. "చీటీ రాయి" అన్నాడు.

"నాకు రాదు కదా సార్, వేలిముద్ర రేక పెడతాను."

"రేక పెడితే పెట్టె తీసేదానికి లేదు. ఇది అందరికీ ఒకటే రూలు. నేర్చుకో, నేను నేర్పిస్తాను. పెట్టె ఎక్కడికీ పోదు."

పెట్టె పోదు, అమ్మ పోతుంది అని నాకు ఒళ్ళు మండింది. ఆ రూలు మీద నాకిప్పటికీ కోపమే. కానీ ఆ కోపంతోనే నేర్చుకున్నాను. మధ్యాన్నం తిండి వేళల్లో, చెక్కల వెనక సుద్దముక్కతో. సార్ చెయ్యి పట్టి దిద్దించేవాడు కాదు, బెత్తంతో గాలిలో గీసి చూపించేవాడు. పెట్టె పేరు రెండక్షరాలు, నా పేరు తమిళంలో ఐదు. నాలుగు రోజులు పట్టింది. ఐదో రోజు చీటీ రాసినాను. మరియక్క నిచ్చెన పట్టుకుంది. పెట్టె దించి, దాని చోట్లో నా చీటీ అంటించిన చెక్క నిలబెట్టినాను. సార్ నన్ను చదివేవాళ్ళ బల్ల దగ్గర కూర్చోమన్నాడు. ఆ బల్లను ఎన్నిసార్లు తుడిచినానో, దాని ముందు కూర్చున్నది అదే మొదలు.

ఆయనకు అక్షరాలు వచ్చు, మాట రాదు. నాకు మాట వచ్చు, అక్షరాలు రావు. ఆయన చదువుతాడు, నేను వింటాను. నాయన పేరు వచ్చింది, అమ్మ పేరు వచ్చింది. ఆ తర్వాత సార్ "పెత్త పిట్ట" అని చదివి, "పిట్ట అంటే పక్షి కదా మీ భాషలో? మీ ఇంట్లో పక్షిని పెంచినారా?" అన్నాడు. "పెద్ద బిడ్డ, సార్" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకొని మళ్ళీ పెట్టుకున్నాడు. "పాలమ్మ" అని చదివినాడు. దాని పక్కన ఒక గీత, పోయింది అని. కింద "పెండమ్మ" అని నా పేరు. పెంట కాస్తా పెండ అయింది, పెద్ద తేడా లేదులే. నా పేరు ఆమె పేరుకు సరిగ్గా కింద, ఆనించి నిలబెట్టినట్టు ఉంది.

సందెలోపల ఇంటికి పోయినాను. సంగు ఊది ఆగింది. అమ్మ నోరు తెరవకముందే, "అమ్మా, దొరికింది. పాలమ్మ" అన్నాను. అమ్మ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "పాలమ్మ ఎవరే? పాలు పోసేదా?" అనింది. "అది కాదు. నా బిడ్డ అది కాదు." ముఖం గోడ వైపు తిప్పుకుంది. రీలు తిప్పే చెయ్యి కూడా ఆగిపోయింది. చిలప నిండకుండా అది ఆగేది నేను ఎప్పుడూ చూడలేదు. పుస్తకం తప్పా, వాద్యారు చెవి తప్పా, వేరే ఎవరి బిడ్డనో తీసుకొచ్చి మా గడప మీద నిలబెట్టినానా అనిపించింది. మా తమ్ముడు దీపం వెలిగించబోతే వద్దన్నాను, ఎందుకో. నేల మీద కూర్చొని ఆ చదివిందంతా మళ్ళీ వరసగా చెప్పుకున్నాను. పెత్త పిట్ట. పెద్ద బిడ్డ. పిట్ట కాదు, బిడ్డ. సార్ నోట్లో పకారం అయినదంతా అమ్మ నోట్లో...

అమ్మ చెవికి చెయ్యి అడ్డం పెట్టి, వాద్యారుకు తను చెప్పినట్టే చెప్పినాను. "బాలమ్మ."

అమ్మ గోడ వైపు నుంచి తిరిగింది. నన్ను చూడలేదు. నా వెనక, కొంచెం ఎడంగా, గడప దగ్గర, మోకాలెత్తులో చూసింది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత మెల్లగా రెండు కాళ్ళూ ముడుచుకొని, మంచం మీద కాళ్ళ దగ్గర చోటు చేసింది. "రా" అనింది. ఆ పొడవు మంచం మీద ఒక చిన్న బిడ్డ కూర్చునేంత చోటు. నేను తిరిగి చూడలేదు. ఎందుకు చూడలేదని ఇన్నేళ్ళుగా నన్ను నేనే అడుగుతా ఉన్నాను. తమ్ముడు చూసినాడు, ఏమీ లేదన్నాడు. కానీ వాడు కూడా ఆ చోట్లో కూర్చోలేదు. ఆ తర్వాత అమ్మ పేరు అడగలేదు. కాళ్ళు చాపనూ లేదు. తొమ్మిది రోజులకు పోయింది, కాళ్ళు ముడుచుకొనే. ఆఖరి మాట నాకు చెప్పింది. "పెంటా, నువ్వు ఉండు" అనింది.

పెట్టెను తిరిగి పెట్టేదానికి నిచ్చెనెక్కినాను. చెక్క అక్కడే నిలబడి ఉంది, చోటు పూడకుండా. పెట్టె వచ్చింది కదా, చెక్క తీసెయ్యాల. చెయ్యి పెట్టినాను, తీయలేకపోయినాను. అది వచ్చింది కాబట్టి నువ్వు పో అని ఆ చెక్కకు ఎట్లా చెప్పేది? వెనక్కి తోసి, దాని ముందు పెట్టె పెట్టి దిగినాను. సార్ కింద నుంచి చూసినాడు. ఆయన కళ్ళకు ఒక్క చెక్క తప్పిపోదు. మేజా దగ్గరికి పోయి, ఆ పెట్టె కార్డు మీద ఎర్ర సిరాతో, ఇది ఖాళీ కాదు, ఇంటిపేరు అని రాసినాడు. ఆ తర్వాత నేను మిగతా అక్షరాలు నేర్చుకున్నాను, తమిళం మొదలు, తెలుగు యాభై దాటినాక. తెలుగులో కకారం వేరు, గకారం వేరు అని తెలిసిన రోజు పలక పక్కన పెట్టి, ఇదొకటి ముందే ఉండుంటే అని కాసేపు కూర్చున్నాను.

ఇదంతా ఆ బెంచీ మీదే తలపుకొచ్చింది. నిర్మల కంప్యూటర్లో లిస్టు చూపించింది. కాకి, కావలి, మధ్యలో "ఖాళీ పెట్టె" అని ఎక్కించేసి ఉంది. కార్డులన్నీ ఎప్పుడో పాత సామానుకు పోయినాయంట, సార్ ఎర్ర సిరాతో సహా. ఇంత మిషనూ సార్ మాదిరే చదివింది, సార్ మాదిరే ఎత్తలేదు. పెట్టెలు దించింది కాంట్రాక్టు మనుషులంట. "నువ్వు ఎత్తి చూడు" అన్నాను. ఒంటి చేత్తో లాగింది. లాగి, గబుక్కున రెండో చెయ్యి కింద పెట్టింది. నవ్వు పోయింది. "ఏముండాది పాట్టీ దీంట్లో?" అనింది. నాడా విప్పి, పుస్తకం తీసి, ఆమె చదివితే నేను చెప్తావచ్చినాను. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలంట, వాటిలో గకారం వేరేనంట. ఖాళీ పోయి గాలి వచ్చింది. అప్పటికి కిటికీల్లో సందె దిగుతా ఉంది. మిల్లులు మూతపడి ఎన్నేళ్ళయిందో, సంగు లేదు, కానీ నా చెవులు ఆ ఆగిన నిమిషాన్ని ఇప్పటికీ పట్టుకుంటాయి. నిర్మల ఒక పేరు దగ్గర ఆగింది. "ఇది పీ వెయ్యాలా, బీ వెయ్యాలా పాట్టీ?"

చెప్పగలిగేది లోకంలో నేను ఒక్కదాన్నే మిగిలినాను. అమ్మ చెవిలో చెప్పినాక ఆ పేరును మళ్ళీ నోరు తెరిచి పలికింది లేదు.

"బీ" అన్నాను. "బాలమ్మ."

మీట నొక్కిన చప్పుడు చిన్నగా వినిపించింది. నేను కాళ్ళు వెనక్కి తీసుకొని బెంచీ మీద ఒక పక్కకు జరిగినాను.

"ఎవరైనా రావాలా పాట్టీ?" అని నిర్మల తలుపు వైపు చూసింది. నేను చెక్కను ఒళ్ళోకి తీసుకొని, ఇంకొంచెం జరిగినాను.